తాళం తీయండి, స్క్రూడ్రైవర్ ఇవ్వండి

మన జిల్లాలో చదువు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ సమానంగా తెలిసిన ఇంగ్లీషు మాట ఏదైనా ఉందంటే అది 'సర్వర్ డౌన్'. వేలిముద్ర పడకపోయినా, సర్టిఫికెట్ రాకపోయినా, ఖాతాలో పైసలు కనబడకపోయినా కౌంటరు వెనకాల నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "సర్వర్ డౌనుంది, రేపు రాపో." కూలి పోగొట్టుకుని వచ్చిన మా అమ్మానాన్నలు ఆ మాట వినగానే మారు మాట్లాడకుండా ఇంటిదారి పడతారు. వాన ఎందుకు రాలేదని ఎవరిని అడుగుతాం? సర్వర్ కూడా అట్లాగే పైనుంచి రావాల్సిందే అన్నట్టు.

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మేము మొదట ఒక కవిత ఇద్దామనుకున్నాం. కవితలు ఇప్పటికే ఇరవై దాకా వచ్చాయని తెలిసి, మాకు నిజంగా తెలిసిన సంగతే రాద్దామని కూర్చున్నాం. మేమంటే వికారాబాదు, తాండూరు హాస్టళ్ళలో ఉండి ఇంటర్, డిగ్రీ చదువుతున్న ఆరుగురం. మాకు తెలిసిన సంగతి పాత కంప్యూటర్లను బాగు చేయడం. అది కూడా లినక్స్ వేసిన కంప్యూటర్లను. ఇందులో వచ్చే హాస్టల్ రెండూళ్ళలో ఏ ఊరిదో రాయడం లేదు. ఎవరినీ వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు.

ఆ హాస్టల్లో ఒక గది ఉంది. దానికి రెండు తాళాలు. లోపల ఒక ఆఫీసులో కండెమ్ అయిన తర్వాత మాకొచ్చిన ఏడు కంప్యూటర్లు, పాత దుప్పట్లు కప్పుకుని ఉండేవి. తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉండేది: 'ముట్టరాదు'. రాసినవాళ్ళు వేరే ఆలోచనతో రాయలేదని మాకు తెలుసు. కానీ ఆ మాట మా తాతలకు ఊరి బావి దగ్గర వినబడిన మాట. మా కోసమే వచ్చిన వస్తువు మీద అదే మాట చదవడం మాకు మంచిగనిపించలేదు.

వార్డెన్ సార్‌ను అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. "సామాన్లన్నీ నా పేరు మీద స్టాక్ రిజిస్టర్లో ఉన్నయి బిడ్డా. ఒకటి పోతే నా జీతంల కట్ చేస్తరు. పనిచేయకపోతే ఎవరూ అడగరు, ఇప్పి చూసి పాడు చేసిన్రంటే అడుగుతరు." ఈ మాటలో ఉన్న న్యాయాన్ని మేము కాదనడం లేదు. చెడిపోయి మూలన పడిన కంప్యూటర్‌కు లెక్క సరిపోతుంది, బాగుచేయబోయి విప్పిన కంప్యూటర్‌కు సంజాయిషీ రాయాలి. ఈ పద్ధతి ఉన్నన్నాళ్ళూ ఏ సార్ అయినా తాళమే వేస్తాడు.

ఎట్లాగో గది తెరిపించుకున్నాం. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న మా సీనియర్ అన్న ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి అన్నిట్లో డెబియన్ వేసిపోయాడు. రెండు జీబీ ర్యామ్ ఉన్న ముసలి యంత్రాలు తేలికైన డెస్క్‌టాప్‌తో లేచి కూర్చున్నాయి. ఆరు మేము వాడుకోవడానికి, ఏడోది సర్వర్. సర్వర్ అంటే అద్దాల గదిలో ఉండే ఏదో కాదు, మూత లేని పాత డబ్బానే. పాఠాల వీడియోలు, పాత ప్రశ్నాపత్రాలు, నెట్ లేకుండా చదువుకునే తెలుగు వికీపీడియా అందులో పెట్టి, మిగతా ఆరింటికీ తీగలు లాగాం. ఆ రోజు నుంచి సర్వర్ డౌన్ అంటే రేపు రమ్మనడానికి మాకు వీలు లేకుండా పోయింది. ఆ సర్వర్ మాదే మరి.

నెల తిరగకముందే దెబ్బ తగిలింది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చి మళ్ళీ పోయింది. పొద్దున సర్వర్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, చివర ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అని ఒక మాట, దాని పక్కన కొట్టుకుంటున్న కర్సర్. మాకు చెమటలు పట్టాయి. ఆటోలో వేసుకుని ఒక దుకాణానికి తీసుకుపోయాం. ఆయన ఒక్క చూపు చూసి "ఫార్మాట్ కొట్టాలె" అన్నాడు. ఐదు వందలు తీసుకున్నాడు, సాయంత్రానికి ఇచ్చాడు. యంత్రం లేచింది, లోపల ఏమీ లేదు. స్కాన్ చేసి పెట్టుకున్న సర్టిఫికెట్లు పోయాయి. డిగ్రీ అన్న ప్రాజెక్టు పోయింది. మాలో ఒకడు దసరా సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని రాసుకుని, తర్వాత టైపు చేసిన బతుకమ్మ పాటలు నలభై పేజీలు పోయాయి. రాసుకున్న కాగితాలు టైపు చేసేశాం కదా అని అప్పటికే పారేశాడు. అవ్వ ఇప్పుడు లేదు.

రెండు నెలల తర్వాత మళ్ళీ అదే తెర. ఈసారి చేతిలో పైసలు లేవు. దిక్కులేక ఆ ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటీ నోటు పుస్తకంలోకి ఎక్కించి, డిక్షనరీ పట్టుకుని కూర్చున్నాం. అందులో ఉన్నది ఇంతే: ఫలానా డిస్కు భాగంలో లెక్క కుదరడం లేదు, ఎఫ్‌ఎస్‌సీకే అనే ఆజ్ఞను మీరే చేత్తో నడపండి. డిస్కు భాగం పేరు కూడా పక్కనే ఉంది, ఎస్‌డీఏ1 అని. ఆ ఆజ్ఞ కొట్టాం. సరిచేయమంటావా అని వరుసగా అడిగింది, సరే అన్నాం. రెండు నిమిషాల్లో సర్వర్ మామూలుగా లేచింది, ఒక్క ఫైలూ పోలేదు.

మేము సంతోషపడాలి గదా. పడలేదు. మొదటిసారి కూడా తెర మీద ఈ మాటలే ఉన్నాయని అప్పుడు తెలిసింది. మందు పేరు రాసి ఉన్న చీటీని జేబులో పెట్టుకుని చావుకు పోయినట్టయింది మా పని.

దుకాణం ఆయన్ను తిట్టుకోవడం సులువు. ఆయన రోజుకు పది డబ్బాలు చూడాలి, అందరికీ సాయంత్రానికల్లా కావాలి. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ప్రతిదానికీ ఫార్మాట్ కొట్టడం ఆయనకు గిట్టుబాటు. మనకు గిట్టుబాటు కాదు. ఫార్మాట్ కొడితే రోగంతో పాటు రోగం ఎందుకొచ్చిందన్న సాక్ష్యం కూడా పోతుంది, కాబట్టి అది మళ్ళీ వస్తుంది. లినక్స్‌లో మాకు నచ్చిన గుణం, అది తనకేమైందో చెబుతుంది. కాస్త గొణుగుతుంది, ఇంగ్లీషులో గొణుగుతుంది, అయినా దాచుకోదు. తెలుగు మీడియం పిల్లలం కాబట్టి మనం ఆ తెరను చూడగానే తల తిప్పుకుంటాం. తిప్పుకోకండి. అందులో పనికొచ్చేవి ఎనిమిదో పదో మాటలు. పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఒక్క పేజీ అంతకంటే కష్టం. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. డిస్కులోంచి టక్కు టక్కుమని చప్పుడు వస్తుంటే ఎఫ్‌ఎస్‌సీకే జోలికి పోవద్దు. ముందు ఉన్న ఫైళ్ళను ఇంకో డిస్కులోకి ఎక్కించుకోవాలి. ఆ డిస్కు ప్రాణం మీదికి వచ్చింది.

ఇక రోగాల సంగతి. రెండూళ్ళ మధ్య దూరం ప్యాసింజర్ బండిలో గంట కూడా లేదు గానీ, కంప్యూటర్లకు వచ్చే జబ్బులు మాత్రం వేరు. తాండూరు జబ్బు దుమ్ము. నాపరాయి కోసే, పాలిష్ పట్టే యూనిట్ల నుంచి వచ్చే సన్నటి తెల్లపొడి తడిగా ఉన్నప్పుడు అడుసు, ఆరితే గాలి. దానికి సిమెంటు లారీల దుమ్ము తోడు. ఆ పొడి ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద ఉన్న రేకుల మధ్య చేరి, పరుపులా పేరుకుంటుంది. వేడి బయటికి పోదు. యంత్రం పదిహేను నిమిషాలు నడిచి దానంతటదే ఆగిపోతుంది. వైరస్ అంటారు, విండోస్ వేయమంటారు. లినక్స్‌లో సెన్సార్స్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకుని చూస్తే వేడి డిగ్రీల్లో కనబడుతుంది. తొంభై దాటిందంటే మందు పెయింటు బ్రష్షే. ప్లగ్ పీకి, మూత విప్పి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని దులపాలి. ప్రాసెసర్‌కూ రేకులకూ మధ్య ఉండే తెల్లటి పేస్టు ఎండి పెళుసెక్కితే తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాలి.

వికారాబాదు జబ్బు చెమ్మ. అనంతగిరి గాలికి క్షయరోగం నయమవుతుందని నిజాం కాలంలో అక్కడ ఆసుపత్రే పెట్టారు. ఆ గాలి కంప్యూటర్లకు మాత్రం పడలేదు. వానాకాలం సెలవుల తర్వాత వచ్చి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి, లోపలి నుంచి పీప్ పీప్‌మని కూత వస్తుంది. చాలాసార్లు అది ర్యామ్. దాన్ని ఊడదీసి బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ నొక్కితే సరి. అంతకుముందు డబ్బా ఇనుప అంచును ఒకసారి చేత్తో పట్టుకోవాలి, మన ఒంటిమీది కరెంటు దానికి తగలకుండా. ఎలుకలు మాత్రం రెండూళ్ళకూ సమానమే. నెట్‌వర్క్ తీగలు కొరికితే కొత్త కొసలు వేసుకోవడం కూడా నేర్చుకున్నాం.

అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టింది గడియారం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు. నలుగురు జూనియర్ల దరఖాస్తులు మిగిలాయి. సైట్ తెరవబోతే ఈ కనెక్షన్ నమ్మదగింది కాదని బ్రౌజర్ అడ్డం పడింది. ఒకటి కాదు, ఏ సైట్ అయినా అంతే. "సర్వర్ డౌనుందే అన్నా" అని తమ్ముళ్ళు అప్పుడే మొహాలు వేలాడేసుకున్నారు. మేము కూడా నిజమే అనుకున్నాం. తెర మూలలో తారీఖు మీద ఒకడి కన్నుపడింది. 2009 జనవరి 1. సైట్లకు ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా చెల్లుతుందని ఒక సర్టిఫికెట్ ఉంటుంది, మన కుల ధ్రువీకరణ పత్రంలాగే. బ్రౌజర్ దాన్ని తన గడియారంతో పోల్చుకుంటుంది. మా గడియారం 2009లో ఉంటే ఇప్పటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనట్టే లెక్క. మామూలుగా నెట్ తగలగానే లినక్స్ టైము తనే సర్దుకుంటుంది గానీ, మా దాంట్లో ఆ సదుపాయం ఎవరో ఆపి ఉంచారు. తారీఖు సరిచేశాం, దరఖాస్తులు రాత్రి పదకొండు లోపల పోయాయి. అసలు దోషి మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ. సీఆర్2032 దాని పేరు, మూడు వోల్టులు. మార్కెట్లో నలభై రూపాయల లోపే. దానికోసం నలుగురి ఏడాది ఫీజు పోయేది.

మా తప్పులు కూడా రాయాలి గదా. ఒకసారి అందరి పాస్‌వర్డులూ సరిగ్గానే ఉన్నా, లోపలికి పోయినట్టే పోయి మళ్ళీ లాగిన్ తెరే వచ్చేది. డెస్క్‌టాప్ వదిలి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కి అక్షరాల తెరకు పోయాం. డిస్కులో ఎంత జాగా ఉందో చెప్పే డీఎఫ్ అనే ఆజ్ఞ కొడితే నూటికి నూరు నిండిపోయిందని తేలింది. ఒక్క చిన్న ఫైలు రాసుకునే చోటు కూడా లేక పాపం అది లోపలికి రానివ్వలేదు. నింపింది పద్నాలుగు సినిమాలు. ఎవరు ఎక్కించారో రాయం, ఆయన కూడా ఈ వ్యాసం రాసినవాళ్ళలో ఉన్నాడు. ఇంకోసారి, ఫైలు తెరుచుకోవడం లేదని విసుగొచ్చి, మొత్తం సిస్టమ్‌లోని ఫైళ్ళన్నిటికీ అందరికీ అన్ని అధికారాలూ ఇస్తూ ఒకే ఆజ్ఞ కొట్టాం. అంతే, పెద్ద అధికారం ఇచ్చే సుడో అనే ప్రోగ్రామే పనిచేయడం మానేసింది. రక్షణ లేని చోట కాపలా కాయనని మొండికేసినట్టు. దాన్ని దారికి తేవడానికి రెండు రోజులు పట్టింది.

అందుకే రూట్ పాస్‌వర్డ్ గోడ మీద రాయండి అని మేము అడగడం లేదు. ప్రతి హాస్టల్లో ఇద్దరికి సుడో అధికారం ఇవ్వండి, ఏడాదికొకసారి మార్చండి. ఎవరు ఏ ఆజ్ఞ ఎన్ని గంటలకు కొట్టారో అదే రాసిపెడుతుంది. స్టాక్ రిజిస్టర్ కంటే అది నిక్కచ్చి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్ పీకిన తర్వాత కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది. చెడిపోతే మొత్తం మార్చడమే. షాకు కొడుతుందన్న సార్ భయం ఆ ఒక్క డబ్బా విషయంలో నూరుపాళ్ళు నిజం.

పిల్లలకు ఇదంతా ఎందుకు, చదువుకోక అనేవాళ్ళున్నారు. వాళ్ళకు ఒక కథ చెబుతాం. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎమ్ఐటీ లాబొరేటరీలో ఒక ప్రింటర్‌లో మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందు పాత ప్రింటర్‌కు, కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్ళకు కబురందేలా ప్రోగ్రాం మార్చిపెట్టాడు. కొత్త జిరాక్స్ ప్రింటర్‌కు అట్లా చేద్దామంటే దాని ప్రోగ్రాం మూలం ఇవ్వలేదు. మూలం ఉన్న ఇంకో యూనివర్సిటీ మనిషి కూడా, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానంటూ తిప్పి పంపాడు. ఆ కోపం ఊరికే పోలేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్ దానికి జత కలిసింది. మనం వాడేది అదే. ఒక పాడైన ప్రింటర్‌ను ముట్టుకోనివ్వకపోవడం దగ్గర మొదలైన సంగతి ఇది. 'ముట్టరాదు' బోర్డు అమెరికాలో కూడా ఉండేదన్నమాట.

దూరం ఎందుకు, కేరళ సర్కారు బడుల్లో ఏళ్ళ తరబడి కంప్యూటర్ పాఠాలు లినక్స్ మీదే చెబుతున్నారు. 2018లో అక్కడ హైస్కూళ్ళలో లిటిల్ కైట్స్ అని విద్యార్థుల క్లబ్బులు పెట్టి, యానిమేషన్, మలయాళం కంప్యూటింగ్‌తో పాటు హార్డ్‌వేర్ కూడా నేర్పారు. బెంగుళూరులో ఒక మురికివాడలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టి బస్తీ పిల్లలతో లినక్స్ పట్టించారు. మన దగ్గర హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగులో ఆపరేటింగ్ సిస్టం కోసం పనిచేసింది. అంటే మేము అడుగుతున్నది ఎక్కడా జరగనిది కాదు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 పాత యంత్రాలను చాలావాటిని రానివ్వదు. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలంటుంది. యంత్రం బాగానే ఉన్నా ఆఫీసుల్లో వందల డబ్బాలు కండెమ్ జాబితాకు ఎక్కుతాయి, తూకానికి పోతాయి. తూకానికి పోయేముందు వాటిని హాస్టళ్ళకు అడగండి. మాకు లినక్స్ చాలు. దాంతో పాటు ఒక చిన్న ఉత్తర్వు కావాలి: విద్యార్థులు బాగుచేయబోయి చెడిపోయిన పాత కంప్యూటర్‌కు వార్డెన్ జీతంలో కోత ఉండదని. ఆ ఒక్క వాక్యం రాస్తే మన రెండూళ్ళలో ఎన్ని తాళాలు తెరుచుకుంటాయో చూడండి. హాస్టల్‌కు ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక బ్రష్షు, రెండు బ్యాటరీలు, ఒక పెన్‌డ్రైవ్. అన్నీ కలిపినా మేము ఆ దుకాణంలో రెండుసార్లు ఇచ్చే పైసలకంటే ఎక్కువ కావు.

ఇంకొకటి, పొడుగు రిజిస్టర్. మేము దానికి రిపేరు పుస్తకం అని పేరు పెట్టుకున్నాం. ఎడమవైపు తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, పక్కన తెలుగులో అర్థం, తర్వాత ఏం చేశామో, చేసినవాళ్ళ సంతకం. పనిచేయని ప్రయత్నాలు కూడా రాస్తాం, అవే ఎక్కువ పనికొస్తున్నాయి. తాండూరు పుస్తకం వికారాబాదుకు, వికారాబాదు పుస్తకం తాండూరుకు నెలకొకసారి బండిలో మారుతుంది. ఎప్పుడో ఎవరో ఎదుర్కొన్న చిక్కు మళ్ళీ వస్తే పేజీ తిప్పితే చాలు. మిగతా హాస్టళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడిగితే జిరాక్స్ తీసి ఇస్తాం, జిరాక్స్ ఖర్చు మాత్రం మీది.

ఈ వ్యాసం రాసి ఇచ్చేనాటికి పుస్తకంలో చివరి వరుస ఇది: మూడో నంబరు సిస్టమ్, మీట నొక్కితే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగుతోంది. ర్యామ్ తీసి రుద్దాం, మార్పు లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ మీద అనుమానం, వేరేది పెట్టి చూడాలి. ఎవరింట్లోనైనా, ఏ దుకాణం మూలనైనా పనిచేసే పాత ఎస్‌ఎమ్‌పీఎస్ ఉంటే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పట్టుకురండి. గది తెరిచే ఉంటుంది.